మాణిక్యమ్మ పాటకు మంచి మైకు

ఆ ఆదివారం పొద్దున యలమందయ్య పెట్టుకున్న పని ఒక్కటే. తల్లి మాణిక్యమ్మ చేత మిరపకోత పాట పాడించి టేపురికార్డరులో ఎక్కించాలి. చిలకలూరిపేటలో పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులకు ఆ రోజు సెలవు. అది పందొమ్మిదివందల అరవై నాలుగు. పేటలో వారానికి మోత లేని రోజు అదొక్కటే.

యలమందయ్య పత్తి వ్యాపారి. టేపురికార్డరును కిందటేడు మద్రాసు నుంచి తెచ్చుకున్నాడు. తల్లి పాటను దాంతో ఒకసారి రికార్డు చేశాడు. తిరిగి పెట్టి వింటే ముందు మిల్లు వినిపించింది, తరవాత లారీ, తరవాత పక్కింటి కోడి. తల్లిది మాత్రం దగ్గు ఒక్కటే వినిపించింది. పెట్టెను గుంటూరు తీసుకెళ్ళి రేడియో షాపులో చూపించాడు.

"మిషను భేషుగ్గా ఉందండీ. దీంతో వచ్చిన మైకే దండగ. మంచి మైకు చూసుకోండి. గదికి గుడ్డలు కట్టండి" అన్నాడు షాపతను.

యలమందయ్య గుడ్డలతో ఆగలేదు. మధ్యగది గోడల వెంట దూది బస్తాలు పైకప్పుదాకా పేర్పించాడు. కిటికీకి బొంతలు కట్టాడు. తలుపు వేస్తే బయటి చప్పుడు లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు.

మాణిక్యమ్మకు కావలసిందీ అదే. "ఒక్కసారే పాడతా. పరాయి చెవిన పడకూడదు. ఆ ఎదురింటిది అసలు వినకూడదు" అని ముందే చెప్పింది.

ఎదురింటిది అంటే వెంకటరావమ్మ. మాణిక్యమ్మకు ఆడపడుచు, యలమందయ్యకు మేనత్త. ఆ పాట ఇద్దరికీ నేర్పింది వెంకటరావమ్మ తల్లి. ఆమె పోయాక అందులో ఒక మాట దగ్గర తగాదా వచ్చి ఇద్దరి మధ్యా మాటలు లేకుండా పోయాయి. పాట వచ్చినవాళ్ళు ఇక ఈ ఇద్దరే. మాణిక్యమ్మకు ఈ ఏడు ఆయాసం పట్టుకుంది. మేనత్తను అడిగే వీలు లేదు గనక పాట కూడా తల్లితోనే పోతుందని యలమందయ్య భయం.

మైకు కోసం హుస్సేన్ సాహెబ్ దగ్గరికి వెళ్ళాడు. పేటలో పెళ్ళికైనా మీటింగుకైనా మైకు ఆయనదే.

"మంచి మైకు కావాలి సాహెబ్ గారూ. మా అమ్మ పాట పాడుద్ది."

"ఎట్లా వినపడాలండీ?"

"అక్షరం అక్షరం వినపడాలి."

"నాకొదిలేయండి."

పేటలో మైకు అంటే నోటి ముందు పెట్టేది ఒక్కటే కాదు. ఊరంతా వినిపించే గొట్టాలు, పెట్టె, బ్యాటరీ, తీగలు అన్నీ కలిపి మైకు. ఆ సంగతి యలమందయ్యకూ తెలుసు. ఆ పూట గుర్తు రాలేదు.

ఆదివారం హుస్సేన్ సాహెబ్ వచ్చి, యలమందయ్య చెప్పినట్టే మైకు తీగను టేపురికార్డరుకు తగిలించాడు. "హలో, హలో. మైక్ టెస్టింగ్. ఒన్, టూ, త్రీ" అన్నాడు. తిప్పి వింటే ఆయన పక్కన కూచుని మాట్లాడినట్టే ఉంది. యలమందయ్య సంతోషించి తల్లిని పిలవడానికి పెరట్లోకి వెళ్ళాడు. ఆమె స్నానం చేసి, చీర మార్చుకుని, దేవుడికి దణ్ణం పెట్టుకునేదాకా అక్కడే నిలబడ్డాడు.

ఈలోగా హుస్సేన్ సాహెబ్ తన పని పూర్తి చేశాడు. మేడ మీద రెండు గొట్టాలు కట్టాడు. ఒకటి బజారు వైపు, ఒకటి ఎదురింటి వైపు. టేపురికార్డరు మైకు పరీక్షకూ, మధ్యలో పాటలు వేయడానికీ పెట్టారనుకుని, మైకు తీగను దాన్నుంచి పీకి తన పెట్టెకు తగిలించాడు.

"ఈ పెట్టేంది?" అన్నాడు తల్లితో తిరిగొచ్చిన యలమందయ్య.

"యాంప్లిఫయరండీ. ఇది లేకపోతే మైకు మూగదే."

కొత్త సరంజామా పాతదానికంటే పెద్దదని యలమందయ్యకు ధైర్యం కలిగింది. హుస్సేన్ సాహెబ్ గొట్టాల దగ్గరికి వెళ్ళాడు. యలమందయ్య తలుపు వేసి, తీగ ఎటు పోయిందో చూడకుండానే టేపు స్పూలు తిప్పాడు. కోడలు రాజ్యం అత్తగారికి కాఫీ ఇచ్చింది.

"ఇదేం కాఫీయే రాజ్యం? రంగయ్య హోటల్లో లాగా గ్లాసు కడిగిన నీళ్ళల్లే ఉంది" అంది మాణిక్యమ్మ.

వీధి మొగలో రంగయ్య హోటల్లో కూచున్నవాళ్ళు తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. రంగయ్య గరిటె పక్కన పెట్టి బయటికి వచ్చాడు.

"వెంకటరావమ్మకు వినపడదు గదరా? వింటే తన పాటేనంటది. దాని గొంతుకు కాకులే దిగొస్తయ్."

"వినపడదమ్మా. నువ్వు పాడు."

మాణిక్యమ్మ పాడింది.

"కోతకొచ్చిన మిరపకాయ కొంత కారమే
ఆడపడుచు నోటి మాట అంతకన్న కారమే"

గుంటూరు వెళ్ళే బస్సు ఆగింది. శుభకార్యమనుకుని ఇద్దరు వచ్చి వసారాలో పీటల మీద కూచున్నారు. రెండో చరణం ఎత్తుకోబోతుండగా గది తలుపు తోసుకుని వెంకటరావమ్మ వచ్చి, వెనక తలుపు ధడాలున వేసింది.

"నన్ను బజారుకెక్కించావు గదే!"

కోపంలో అందరూ అనే మాటే గనక గదిలో ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

"నీ పేరెత్తానా? పాటలో ఉంది, పాడాను" అంది మాణిక్యమ్మ.

"అది ఆడపడుచు కాదు, వదినగారు! వదినగారి నోటి మాట! మా అమ్మ పాటను మార్చడానికి నువ్వెవరు?"

"మీ అమ్మే చెప్పింది. పొయ్యి దగ్గర కూచోబెట్టుకుని, నీ గురించే కట్టానంది."

"నాకు చేలో చెప్పింది. నీ గురించే కట్టానంది."

ఇద్దరూ ఆగారు. బయట బజారు కూడా ఆగింది.

"అయితే ముసల్ది నీకొకటి, నాకొకటి చెప్పిందన్నమాట" అంది వెంకటరావమ్మ.

"చూశావా మీ అమ్మ గడుసుతనం."

"మీ అత్త."

రెండో చరణం ఇద్దరూ కలిసి పాడారు. ఆ మాట వచ్చిన చోటల్లా ఎవరి మాటను వాళ్ళు గట్టిగా పాడారు.

పాట అయ్యాక తలుపు తీస్తే వీధి నిండా జనం. ముందు వరసలో రంగయ్య గ్లాసుతో నిలబడ్డాడు.

"అమ్మా, ఇది తాగి చెప్పండి."

మాణిక్యమ్మ తలెత్తి గొట్టాలను చూసింది. యలమందయ్య స్తంభం వెనక్కి జరిగాడు.

"ఎంతదాకా వినపడింది సాయిబూ?"

"నరసరావుపేట రోడ్డు మలుపుదాకా అమ్మా" అన్నాడు మేడ దిగొచ్చిన హుస్సేన్ సాహెబ్.

ఆమె రంగయ్య చేతిలో గ్లాసు తీసుకుని కాఫీ తాగింది. పాట దక్కింది కదా అనుకుని యలమందయ్య లోపలికి వెళ్ళి స్పూలు వెనక్కి తిప్పాడు. "హలో, హలో. మైక్ టెస్టింగ్. ఒన్, టూ, త్రీ." తరవాత చివరిదాకా ఏమీ లేదు.

"రికార్డు చేయాలని నాతో అనలేదు గదండీ. వినపడాలన్నారు" అన్నాడు హుస్సేన్ సాహెబ్.

మరుసటి ఆదివారానికి యలమందయ్య తీగను సరైన చోట తనే తగిలించి తల్లిని పిలిచాడు. "ఈసారి ఒక్కళ్ళూ వినరమ్మా."

"ఒక్కళ్ళూ విననిదానికి పాడటమెందుకురా? సాయిబును పిలువు. గొట్టాలు నాలుగు కట్టమను" అంది మాణిక్యమ్మ.

"అయిదు" అంది పక్కన కూచున్న వెంకటరావమ్మ.

పాట ఇప్పుడు మిరపకోతకు వెళ్ళే ఆడవాళ్ళందరికీ వచ్చు. సగంమంది ఆడపడుచు అంటారు, సగంమంది వదినగారు అంటారు. టేపులో మాత్రం హుస్సేన్ సాహెబ్ గొంతు శుభ్రంగా పడింది. వెనక మిల్లు మోత కూడా లేదు.