వెయిటింగ్ లిస్టులో ఎడారి

ఆ సోమవారం ఉదయం మార్కు సారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఏడింటికి కాఫీ, ఏడున్నరకు ప్రయాణ ప్రార్థన, తొమ్మిదింటికి ఖమ్మం స్టేషనులో బండి. సాయంత్రం సికింద్రాబాదులో రాజస్థాన్ బండి ఎక్కితే బుధవారానికల్లా ఎడారి. భార్య రిబ్కా రెండు రోజులకు సరిపడా పులిహోర కట్టింది. తొమ్మిదేళ్ల కూతురు అక్సా తెల్లవారుజాము నుంచే బూట్లు వేసుకుని కూర్చుంది.

మార్కు సారు తిరుమలాయపాలెంలో ప్రభుత్వ టీచరు. కాపురం ఖానాపురం హవేలిలో. ఆదివారాలు చర్చిలో పిల్లలకు పాఠం చెబుతాడు. ఎడారిలో నలభై ఏళ్లు నడిచిన జనం గురించి పదిహేనేళ్లుగా చెబుతున్నాడు గానీ, పక్కింటివాళ్లు స్లాబు కోసం పోయించిన కుప్పను మించిన ఇసుక ఆయన చూడలేదు. కిందటేడు చర్చి సంఘంలోని కాంట్రాక్టరు శాంతికుమార్ లక్ష రూపాయలు పెట్టి ప్రభువు పుట్టిన పుణ్యభూమి చూసి వచ్చాడు. అప్పటి నుంచి మార్కు ఎడారి పాఠం మొదలుపెట్టగానే వెనక బెంచీ నుంచి, "ఇసుక గట్లుండదు సారూ" అని దిద్దుతున్నాడు.

లక్ష మార్కు దగ్గర లేదు. పత్రికలో ఒక వ్యాసం దొరికింది. జైసల్మేరు అవతల ఒక ఊరుందట. రైతుల ఇళ్లలోనే పడుకోవచ్చు, జొన్నరొట్టె పెడతారు, ఇసుక దిబ్బల దాకా నడిచే పోవచ్చు. ముగ్గురికీ కలిపి పదివేలలో తేలుతుంది. ఒంటె మీద అక్సా ఒక్కతే, అదీ అరగంట. మార్కు ఆ కాగితాన్ని మడిచి ఆర్నెల్లు జేబులో తిప్పాడు. ఎట్టకేలకు టికెట్లు తీశాడు. వెయిటింగ్ లిస్టు పదకొండు, పన్నెండు, పదమూడు.

ఆ సంఘంలో ఎవరు పొరుగూరికి పోయినా ప్రయాణ ప్రార్థన ఉంటుంది. రాజస్థాన్ అనేసరికి ఇల్లు చాలక ప్రార్థన స్టేషనుకు మారింది. ముప్పైమంది ప్లాట్‌ఫారం మీద గుండ్రంగా నిలబడ్డారు. పాస్టరు గారు టికెట్టు చేతిలోకి తీసుకుని, కళ్లు మూసుకుని, మైకు లేకపోయినా స్టేషనంతటికీ వినిపించేలా ప్రార్థించారు.

"ప్రభువా, పదకొండు, పన్నెండు, పదమూడు! ఈ మూడు నంబర్లు ఇప్పుడే ఖాయమైనవని విశ్వసిస్తున్నాము!"

"ఆమెన్!" అన్నారు ముప్పైమంది. టీ అమ్మేవాడు కూడా అన్నాడు.

ఆఖరున సైదమ్మ వచ్చింది. అరవై అయిదేళ్ల మనిషి, చక్కెర జబ్బు. చర్చి ఊడ్చి, బెంచీలు తుడిచే పని ఆమెది. మార్కు తల్లి పోయినప్పుడు ఏడాది పాటు అతనికి అన్నం పెట్టింది ఈమే. అక్సా బుగ్గలు నిమిరి, "పోయి రా బిడ్డా. నువ్వు తిరిగొచ్చిన దాక నా కండ్లు దార్లనే ఉంటయి" అంది మార్కుతో.

సికింద్రాబాదులో చార్టు అతికించారు. మార్కు వేలితో వెతికాడు. పదకొండు, పన్నెండు, పదమూడు కాస్తా రెండు, మూడు, నాలుగు అయ్యాయి. అక్కడే ఆగిపోయాయి. జనరల్ పెట్టె వైపు చూస్తే తలుపులో వేలాడుతున్నవాళ్లే పాతికమంది ఉన్నారు.

"తొమ్మిది మందిని పక్కకు జరిపిండు గదా దేవుడు, అది తక్కువనా? ఇంటికి పోదం పాండి," అంది రిబ్కా.

"ఎట్ల పోతం రిబ్కా? ఖాయమైనయని అయ్యగారు అందరి ముందట చెప్పిండు. రేపు పొద్దున మనం గల్లీల కనపడితే పోయేది మన టికెట్ కాదు, ఆయన ప్రార్థన."

"ఆయన ప్రార్థన సంగతి ఆయన చూసుకుంటడు. మీకు శాంతికుమార్ నవ్వుతడని భయం."

మార్కు సంచులు భుజానికెత్తుకున్నాడు. రెండూ నిజమే.

డోర్నకల్ దగ్గర ఖమ్మం దారి వదిలేసి కొత్తగూడెం వైపు తిరిగే బండి ఒకటుంది. ఖమ్మం ముఖం చూడనక్కర్లేదన్న ఒక్క కారణంతో మార్కు అది ఎక్కించాడు. భద్రాచలం అవతల, అడవి అంచున, గోదావరి ఒడ్డునే ఉన్న ఆశ్రమ పాఠశాలలో రూప్లా పనిచేస్తున్నాడు. మార్కుతో కలిసి టీచరు ట్రైనింగు చేసినవాడు. సెలవులకు పిల్లలు ఇళ్లకు పోయారు కాబట్టి హాస్టలంతా ఖాళీ.

"అరే మార్కూ! చెప్పకుండ వచ్చినవేంది? ఎన్ని రోజులుంటవ్?" అని రూప్లా ఎదురొచ్చి సంచులు అందుకున్నాడు.

"పది రోజులు," అన్నాడు మార్కు తల దించుకుని.

"గంతేనా?" అన్నాడు రూప్లా.

మే నెలలో గోదావరి ఓ మూలకు ఒదిగి పారుతుంది. మిగతా నది అంతా ఇసుకే. కంటిచూపు ఆనినంత మేర తిన్నెలు తిన్నెలుగా, పదిగంటలు దాటితే కాలు పెట్టలేని ఇసుక. అక్కడక్కడ పుచ్చకాయ తీగలు, కాపలా గుడిసెలు. అక్సా మొదటి తిన్నె మీది నుంచి జారుతూ, "నాన్నా, ఎడారి వచ్చిందా?" అని అరిచింది.

"వచ్చిందమ్మా," అన్నాడు మార్కు.

రిబ్కా అతని వైపు చూసింది. ఆ చూపుకు ఇసుక కంటే ఎక్కువ కాలింది.

చేరగానే ఫోన్ చేస్తానని పాస్టరు గారికి మాటిచ్చాడు. బుధవారం సాయంత్రం భద్రాచలం బస్టాండుకు వచ్చి ఎస్‌టీడీ బూతులో దూరాడు. రిబ్కా తలుపు దగ్గరే నిలబడి షరతు పెట్టింది. "ఒక్క అబద్ధం కూడ ఆడొద్దు."

"ఆడను. నిజాలే చెప్త."

అన్నట్టే నిజాలే చెప్పాడు.

"వందనాలు అయ్యగారూ. అందరం బాగున్నం."

"దేవునికి స్తోత్రం! ఏం కనపడుతున్నదయ్యా?"

"ఇసుక అయ్యగారూ. యాడ చూసినా ఇసుకే. ఎండ మండిపోతున్నది."

"మనుషులు ఎట్లున్నరు?"

"మంచోళ్లు. భాష సమజైతలేదు." అదీ నిజమే. కాపలా గుడిసెల వాళ్లు తమలో తాము కోయ భాషలో మాట్లాడుకుంటున్నారు.

"ఒంటె ఎక్కిండ్రా?"

ఈ ప్రశ్నకు నిజం సరిపోదు. అదే సమయానికి బయట కండక్టరు "కొత్తగూడెం, కొత్తగూడెం" అని గొంతు చించుకోవడం మొదలుపెట్టాడు. మార్కు కంగారుపడి రిసీవరు చుట్టూ చేయి అడ్డంపెట్టి, "అయ్యగారూ, గాలి... గాలి బాగ వస్తున్నది" అని ఫోన్ పెట్టేశాడు. ఆ బూతులో ఉన్న ఫ్యాను తిరగడం లేదు. కాబట్టి ఆ పూట అబద్ధం ఒక్కటే.

ఆ ఒక్కటి చాలింది. గురువారం టీవీ వార్తల్లో రాజస్థాన్‌లో ఇసుక తుఫాను చూపించారు. గాలి బాగా వస్తోందని చెబుతుండగానే లైను తెగిపోయిన సంగతి పాస్టరు గారు సంఘానికి చెప్పారు. ఆడవాళ్లు ఏడ్చారు. ఆ సాయంత్రమే గొలుసు ప్రార్థన మొదలైంది. గంటకొకరు చొప్పున, పగలూ రాత్రీ, ఎక్కడా తెగకుండా ఎవరో ఒకరు మోకాళ్ల మీద ఉండాలి. కాగితం మీద గంటలూ పేర్లూ రాసి చర్చి తలుపుకు అంటించారు. శాంతికుమార్ అందరికంటే ముందు తెల్లవారుజాము గంట రాయించుకున్నాడు.

ఇవేవీ తెలియని మార్కు ఆ మూడు రోజులూ బ్రహ్మాండంగా గడిపాడు. చెప్పడానికి సిగ్గుగానే ఉంది గానీ, జీవితంలో అంత సుఖపడింది లేదు. పొద్దున ఇసుకలో నడక, మధ్యాహ్నం నిద్ర, సాయంత్రం చల్లటి పుచ్చకాయ. రూప్లా భార్య చాంది పెట్టే నాటుకోడి పులుసు. పదివేల లెక్కలో మూడు వందలు కూడా కాలేదు.

శనివారం సాయంత్రం మళ్లీ బూతుకు వెళ్లాడు. ఫోన్ పాస్టరు గారి భార్య ఎత్తింది. మార్కు గొంతు వినగానే ఆవిడ ఏడుపు అందుకుంది.

"బతికున్నవా నాయనా! తుఫానుల చిక్కుకున్నరని సంఘమంతా మూడు రోజుల సంది మోకాళ్ల మీదున్నరయ్యా!"

"తుఫానా? మాకేం కాలేదమ్మగారూ!"

"నీ నోటితోని సైదమ్మకు చెప్పు. మీ ముఖాలు కండ్లార చూసిన దాక ముద్ద ముట్టనని ఒట్టు పెట్టుకున్నది. గురువారం సంది మంచినీళ్లే. ఆమెకు షుగరాయె. అయ్యగారు చెప్పినా ఇంటలేదు."

మార్కుకు పొద్దున తిన్న కోడి, మధ్యాహ్నం తిన్న పుచ్చకాయ, అన్నీ ఒక్కసారిగా గుర్తుకొచ్చాయి.

"తినమనండమ్మా! నేను చెప్పిన్నని తినమనండి!"

"చూస్తెనే తింటదట. మీరు ఎంత జల్దీ బయలెల్లినా మంగళవారమైతది గదా," అని ఆవిడ ముక్కు చీదింది.

బయటికొచ్చి మార్కు మెట్టు మీద కూలబడ్డాడు. రాజస్థాన్ నుంచి మనిషి మంగళవారం కంటే ముందు రాలేడు. రేపే వస్తే దొంగాట బయటపడుతుంది. మంగళవారం దాకా ఆగితే సైదమ్మ దవాఖానాలో ఉంటుంది, లేకపోతే అదీ ఉండదు. రిబ్కా వచ్చి పక్కన కూర్చుంది. తిట్టినా బాగుండును అనిపించింది.

"రేపు మొదటి బస్సుకు పోదం," అన్నాడు చివరికి. "నవ్వుతే నవ్వుతరు."

ఆదివారం ఆరాధన సగంలో ఉండగా ముగ్గురూ చర్చి గుమ్మంలో నిలబడ్డారు. బస్సులో నాలుగు గంటలు మార్కు తప్పు ఒప్పుకునే మాటలు కూర్చుకుంటూనే వచ్చాడు. వాటిని వాడే అవకాశం రాలేదు. ముందు ఒకామె చూసి కేక పెట్టింది. అందరూ తిరిగారు. నిన్న సాయంత్రం ఎడారిలో ఉన్న మనిషి ఈ పొద్దున ఖమ్మంలో ఉన్నాడు!

"ఎట్ల వచ్చిండ్రు బ్రదర్? విమానమా?" అన్నారెవరో.

"వీళ్ల దగ్గర విమానానికి పైసలెక్కడివి?" అన్నాడు శాంతికుమార్.

"అదే నేను చెప్పేది!" అని పాస్టరు గారు మైకు అందుకున్నారు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. "పూర్వం భక్తులను దేవుడు చేత్తో ఎత్తి ఒక చోటి నుంచి ఇంకో చోట దింపినాడు! మన గొలుసు తెగలేదు, వీరు వచ్చినారు! చప్పట్లతో దేవుని స్తుతించండి!"

చప్పట్లు మోగాయి. అక్సా కూడా కొట్టింది. ఇద్దరు పెద్దమనుషులు మార్కును చెరో చెయ్యి పట్టుకుని మైకు దగ్గరికి తీసుకుపోయి, దేవుడు చేసిన మేలుకు సాక్ష్యం చెప్పమన్నారు. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, చచ్చేదాకా అద్భుతం జరిగిన మనిషిగా బతకొచ్చు. ముందు వరసలో చాప మీద సైదమ్మ కూర్చుని ఉంది. కళ్లు లోపలికి పోయాయి. అతన్ని చూసి నవ్వుతోంది.

"దేవుడు మోసుకురాలేదు," అన్నాడు మార్కు. "ఆర్టీసీ బస్సు మోసుకొచ్చింది. మేం రాజస్థాన్ పోలేదు. టికెట్ ఖాయం కాలేదు. అయ్యగారి ప్రార్థన వమ్మయిందంటరని, మీరంత నవ్వుతరని భద్రాచలం కాడ గోదావరి ఇసుకల దాక్కున్న. గాలి వస్తున్నదని అబద్ధం చెప్పిన. మీరు మోకాళ్ల మీద ఉంటే నేను పుచ్చకాయ తింటున్న. పెద్దమ్మా, నీ ముందట నిలబడే మొఖం లేదు నాకు. నన్ను తిట్టు, కాని తిను."

పాస్టరు గారి ముఖం వాడిపోయింది. మార్కు నేల చూస్తూ నిలబడ్డాడు. ఆ నేల చీలి తనను మింగితే బాగుండుననుకున్నాడు.

సైదమ్మ చాప మీద నుంచి మెల్లగా లేచింది.

"గీ మైకు నా దిక్కు తిప్పుండ్రి," అంది. "పస్తు పస్తు అంటున్నరు గాని, నేనెక్కడ పస్తున్న? శుక్రవారం పొద్దున్నే ఆకలికి ఆగలేక రొట్టె తిన్న. నిన్న కూడ తిన్న. ఎవ్వలకు చెప్పలే. ఆ పిలగాన్ని ఒక్కన్నే నిలబెడితే నాకు పాపం."

వెనక బెంచీ కిర్రుమంది. శాంతికుమార్ లేచి గొంతు సవరించుకున్నాడు.

"తెల్లారుజాము నాలుగింటి గంట నాది. మూడు దినాలకు మూడు దినాలూ... అలారం బంద్ చేసి పండుకున్న."

"నాది రెండింటిది," అన్నాడు క్రాంతికుమార్ అనే కుర్రాడు. "క్రికెట్టు చూసిన."

ఇక ఆగలేదు. ఒకామె ప్రార్థిస్తూ పప్పు రుబ్బానంది. ఇంకొకాయన తన గంట ఎప్పుడో ఇప్పటికీ తెలియదన్నాడు. అరగంటలో తలుపు మీది కాగితంలో కొట్టేయని పేరు ఒక్కటే మిగిలింది. అందరూ పాస్టరు గారి వైపు చూశారు. ఆయన తన భార్య వైపు చూశారు. ఆవిడ, "మీరే చెప్పుండ్రి, నేను చెప్తే బాగుండదు" అంది.

"మోకాళ్ల మీదనే ఉన్నాను," అన్నారు పాస్టరు గారు. "నిద్ర కూడా మోకాళ్ల మీదనే పట్టింది."

ఆ మధ్యాహ్నం సైదమ్మను మార్కు తన ఇంటికి తీసుకుపోయాడు. రిబ్కా వేడివేడిగా అన్నం, పప్పుచారు వడ్డించింది. సైదమ్మ తల ఎత్తకుండా తిన్నది. మూడోసారి కంచం ముందుకు జరిపింది. శుక్రవారమూ శనివారమూ రొట్టె తిన్న మనిషి తినే తీరు కాదది. మార్కు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మైకు ముందు పడ్డ సిగ్గు ఈ సిగ్గు ముందు ఏపాటిది అనుకున్నాడు.

"పప్పు ఇంకింత పొయ్యి," అంది సైదమ్మ. "గట్ల చూస్తవేంది?"

ఆ ఏడాది పై ఆఫీసుకు పంపిన నివేదికలో పాస్టరు గారు తమ సంఘంలో మే నెలలో గొప్ప ఉజ్జీవం వచ్చిందని, అందరిలో భక్తి మళ్లీ మేలుకుందని రాశారు; ఎలా వచ్చిందో రాయడానికి కాగితంలో చోటు చాలలేదు.