రాధాకుమారీ పాదరక్షా విమోచనము

కోపమును గూర్చి పంచాంగమే ముందుగా హెచ్చరించిన క్రోధన నామ సంవత్సరమున, అనగా 1985వ ఏట, ఆషాఢ మాసమున, నిజాంసాగర జలవాహినీ పరిషిక్త కేదార శోభితమైన బాన్సువాడ పొరుగున, కోస్తా నుండి తరలివచ్చి కాలువ కింద సేద్యము చేయు రైతుల క్యాంపున, పగలు పదకొండు గంటలకు జరిగిన ఘోర సమరమును వినిపించెదను. వినువారందరు చెప్పులు విడిచి కూర్చుండుడు. మీవి తేలికగా ఊడివచ్చినచో మీరు అదృష్టవంతులు!

ఈ కథకు నాయకుడు సాంబమూర్తి. మూడెకరముల మాగాణికి ఏకచ్ఛత్రాధిపతి, గొంతెత్తినచో కాలువ ఆవలి గట్టున మేయు గేదెలు సైతము తలలెత్తి చూచునంతటి సింహనాదుడు. అంతకు ముందటి వారము, విత్తనాల బస్తాపై బిందెడు నీళ్లు కుమ్మరించిన నేరమునకు, నాలుగేండ్ల కూతురు రాధాకుమారిపై ఆ నాదమును ప్రయోగించెను. నాటి నుండి ఆ పిల్ల తండ్రి చేయి చాపిన చాలు, తల్లి కొంగు చాటున దాగుచుండెను. అతని భుజమెక్కుట మానెను. సాంబమూర్తికి అన్నము సహింపలేదు. "ఇంకోసారి పిల్లమీద అరిస్తే మీసం తీసేస్తాను" అని భార్య వెంకటరత్నమ్మ యెదుట ప్రతిజ్ఞ చేసి, కూతురిని మంచి చేసుకొనుటకై బాన్సువాడ బజారున ఎర్రని చెప్పుల జత కొనితెచ్చెను. ఆ చెప్పులకు బకిళ్లుండెను. తప్పిదమంతయు అచ్చటనే జరిగెను.

ఏలయన, నాట్ల తొలినాడు ఇంటి ఆడపిల్ల చెప్పులు విడిచి మడిలో దిగి మూడు మొక్కలు నాటినగాని కూలీలు మడిలో దిగరాదని వారి ఆచారము. తండా నుండి వచ్చిన పన్నెండుగురు స్త్రీలు నారు కట్టలు పట్టుకొని గట్టున బారులు తీరియుండిరి. మడి ఇసుకపాటి నేల. తూము మూసినచో నీరు ఇంకిపోవును, నాటు ఆగిపోవును. తూము చెంత నిలిచిన కాలువ లష్కరు హన్మంతు కేక వేసెను.

"ఓ సాంబమూర్తన్నా! పన్నెండు కొడితే తూము బంద్ జేస్త. మళ్ల నీ వంతు నాలుగొద్దులకే! జల్ది కానియ్యి!"

రాధాకుమారియో, గట్టుపై చతికిలబడి, నాలుక బయటపెట్టి, ఎడమకాలి బకిలుతో ద్వంద్వయుద్ధము చేయుచుండెను. కొత్త తోలు, ఇరుకు రంధ్రము, బుల్లి వేళ్లు. తండ్రి సాయమునకు వంగెను.

"నేనే తీసుకుంటా!" అని పిల్ల వెనుకకు జరిగెను.

పది నిముషములు గడచెను. ఇరువది గడచెను. సాంబమూర్తి ముక్కుపుటములు అదరెను, మీసము నిక్కెను, నాభి వద్ద పుట్టిన సింహనాదము గొంతుదాకా వచ్చెను. పాపము, మీసము ఆయువు తీరినట్లే!

అప్పుడు కూలీలకు పెద్దయైన గౌరీబాయి, అరువదేండ్ల అనుభవశాలి, అద్దాలు కుట్టిన తన తలముసుగు అంచును అతని ముఖమునకెదురుగా చాచెను. "ఏంది పటేలా, నీ మొఖం గట్లయింది? గీ అద్దాల్ల జర సూస్కో! మనుమలు సతాయిస్తే నేను గిదే జేస్త."

అతడు చూచెను. ముప్పది అద్దములలో ముప్పదిమంది సాంబమూర్తులు బుసలు కొట్టుచుండిరి. పగిలిన అద్దములోని వానికి రెండు ముక్కులుండెను. సాంబమూర్తికి నవ్వాగలేదు. అయినను గొంతుదాకా వచ్చిన నాదము ఎటో ఒకవైపు పోవలెను గదా! దానిని నాటకములోని రాజువలె బకిలుపైకి మళ్లించెను.

"ఓరీ బకిలాధమా! సుకుమార పాదబంధన పాపాత్మా! పన్నెండుగురు వీరవనితలను ఎండలో నిలబెట్టి, నా మడిని ఎండగట్ట జూచెదవా? విడువుము! విడువకున్న నిన్ను గేదె మెడలో గంటగా వ్రేలాడదీసెదను!"

రాధాకుమారి తలయెత్తెను. ఆ అరుపు తనపై కాదని గ్రహించి కిలకిల నవ్వెను. "ఇంకా తిట్టు నాన్నా దాన్ని!"

"తిట్టు పటేలా, తిట్టు!" అని గట్టంతయు మారుమ్రోగెను. తండ్రి తిట్టెను, కూతురు లాగెను, బకిలు ఊడెను. కూలీలు కేరింతలు కొట్టిరి.

"పావు తక్కువ పన్నెండు!" అని హన్మంతు అరచెను.

అప్పుడందరి చూపులు కుడికాలిపై పడెను. అందునను బకిలుండెను. సాంబమూర్తి మరల గౌరీబాయి ముసుగు వంక చూచెను. రాధాకుమారి చెప్పును చూచెను, తండ్రిని చూచెను. మెల్లగా జరిగి వచ్చి, కుడికాలు తెచ్చి అతని ఒడిలో పెట్టెను.

"ఇది నువ్వు తియ్యి నాన్నా."

గేదెలను బెదరించిన ఆ వీరునికి కన్నులు చెమర్చెను. అంత సంతోషము అతనికి పంట చేతికొచ్చిన నాడును కలుగలేదు. ఆ బకిలును అతడు మూడు మారులు తడబడి తీసెను.

రాధాకుమారి మూడు మొక్కలు నాటెను. ఒకటి తలక్రిందుగా నాటెను. గౌరీబాయి ఎవరును చూడకుండ దానిని సరిచేసెను. కూలీలు మడిలో దిగిరి. తూము మూసి నీరింకిపోవునప్పటికి నాలుగు సాళ్లు మాత్రమే పడెను.

అయినను విజయము విజయమే! జనులారా, చాటుడు! బకిళ్లు రెండును ఓడెను, మీసము నిలిచెను, ఆరు దినముల ఎడబాటు తీరి నాడే రాధాకుమారి బురదకాళ్లతో తండ్రి భుజమెక్కి ఇంటికి పోయెను.