కొత్త మిషనుకి మర్యాద

ఆ పొద్దున్న రాజకుమారి వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికి ఆఫీసు తాళం తీయాలి. కాటా ఒకసారి, కొత్తగా వచ్చిన తేమ మిషను ఒకసారి చూసుకోవాలి. పదింటికి కుదురుగా కూర్చుని టీ తాగాలి. పదకొండింటికి విశాఖపట్నం నుంచి దేవీప్రసాద్ గారు తనిఖీకి వస్తారు. ఆయన ముందు కాఫీ బస్తా కాటా మీద పెడితే బరువు, గుప్పెడు గింజలు మిషనులో పోస్తే తేమ, రెండూ కంప్యూటర్ తెర మీద కనబడి చీటీ అచ్చవ్వాలి. అలా అయితే అనంతగిరి కొండ మీది ఈ కొనుగోలు కేంద్రం ఉంటుంది. కాకపోతే కేంద్రం కొండ దిగి శృంగవరపుకోట పోతుంది, రాజకుమారి ఉద్యోగం ఎటూ కాకుండా పోతుంది. ఆ మాట ఆయన ఫోన్లో మొహమాటం లేకుండా చెప్పేశారు.

నిన్న సాయంత్రం అన్నీ చక్కగా పనిచేశాయి. అందుకే ఆమెకి రాత్రంతా భయం. కంప్యూటర్ నిన్న మంచిగా ఉందంటే ఇవాళ ఏదో మనసులో పెట్టుకుందన్నమాటే.

ఆమె వచ్చేసరికి గాసి అప్పటికే గది ఊడ్చి, బల్ల తుడిచి, కొత్త మిషనుకి పసుపు రాసి బొట్టు పెట్టి, మీద ఓ బంతిపువ్వు కూడా ఉంచాడు. పన్నెండేళ్లుగా కాటా మీదికి బస్తాలెత్తే మనిషి అతను. ఎత్తు తక్కువ, ఉత్సాహం ఎక్కువ.

"మావా, మిషను తడిపీలేదు కదా?" అంది రాజకుమారి మిషను తడిమి చూస్తూ.

"నానంత ఎర్రోడినేటి అమ్మీ? పొడి గుడ్డే," అన్నాడు గాసి.

పది దాటాక వచ్చిన మొదటి బస్తా దేముడమ్మది. పై ఊరి నుంచి నెత్తి మీద మోసుకొచ్చి, గుమ్మంలో దించి, కొంగుతో మొహం తుడుచుకుంటోంది. సరే, దొరగారు రాకముందే ఓసారి చూసుకుందామని ఆ బస్తానే కాటా మీద పెట్టించి, గుప్పెడు గింజలు మిషనులో పోసింది రాజకుమారి. తెర మీద బరువు గడిలో 11.2 కిలోలని పడింది.

"పదకొండా? ఓలమ్మో! మోసుకొచ్చిన మెడ నాది. దానికి తెలీదేటి ఎంతుందో?" అంది దేముడమ్మ.

పోనీ తేమైనా చూద్దామని రాజకుమారి పక్క గడి వంక చూసింది. 32.4 శాతం తేమ అంది తెర. అంత తేముంటే అవి గింజలు కావు, పులుసు.

దేముడమ్మకి బరువు తగ్గడం కంటే ఇది ఎక్కువ తగిలింది. "పన్నెండు దినాలు ఎండెట్టినాను. మబ్బేత్తే పట్టా కప్పీసినాను, కోడి కాలెడితే కర్రట్టుకున్నాను. నా గింజలు తడా? ఏటి సేత్తన్నావు గుంటా, ఊరందరి ముందూ నా పరువు తీసేత్తావేటి?"

"కాటా పాడైనాదేమో సూత్తానుండు," అని గాసి బస్తా దించి తానే కాటా ఎక్కాడు. తెర మీద బరువు కదల్లేదు. తేమ మాత్రం 58.6 శాతం అయింది.

గాసి మొహం పాలిపోయింది. పొట్ట ఓసారి తడుముకున్నాడు. "నాలో సగం పైన నీల్లేనా అమ్మీ? పొద్దున అంబలి తాగినాను గానీ... మరీ అంతా?"

నవ్వే స్థితిలో లేదు రాజకుమారి. కంప్యూటర్‌కి తగిలించిన ప్రతి మిషనుకీ ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు ఇచ్చేది డ్రైవరనే చిన్న ప్రోగ్రాము. కాటాది మూడు, తేమ మిషనుది నాలుగు, ప్రింటరుది ఒకటి. ఎవరి నంబరులో వాళ్లుంటే లోకం చల్లగా ఉంటుంది. ఇవాళ ఎవరో ఎవరి నంబరులోనో కూర్చున్నారని ఆమెకి అర్థమైంది. ఎందుకు కూర్చున్నారో అర్థం కాలేదు. కాటాకి నాలుగో నంబరు ఇచ్చి చూసింది. తెర మీద ఒక హెచ్చరిక వచ్చింది. అదే సమయానికి ఫోనూ మోగింది.

"ఏమ్మా, ఘాట్ రోడ్డు ఎక్కేశాం. అరగంటలో ఉంటాం. అంతా రెడీయేనా?" దేవీప్రసాద్ గారి గొంతు.

"రెడీ సార్," అని ఎందుకన్నదో ఆమెకే తెలియదు. ఆ కంగారులో హెచ్చరికకి కూడా ఔననే నొక్కేసింది.

రెండు మిషన్లూ ఒకే నంబరు మీద పడ్డాయి. బరువు గడీ ఖాళీ, తేమ గడీ ఖాళీ. ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. ఏదో ఒకటి చెయ్యాలని కాటా బరువు చదివే ప్రోగ్రాముని ఒకటో నంబరులో వెతకమంది. అది ప్రింటరుదన్న సంగతి చేసేశాక గుర్తొచ్చింది. బరువెంత, బరువెంత అని కాటాని అడగాల్సిన ప్రశ్న పోయి ప్రింటరుకి తగులుతోంది. ప్రింటరుకి తెలిసిన విద్య ఒక్కటే, వచ్చింది అచ్చెయ్యడం. చీటీలు మొదలయ్యాయి. బల్ల మీంచి నేల మీదికి, నేల మీంచి గుమ్మం దాకా. గాసి వాటిని రెండు చేతులా పోగుచేస్తూ, "దీనికేటో పూనినాది అమ్మీ, కోడినేటైనా కొయ్యమంటావా?" అని అరుస్తున్నాడు.

రాజకుమారి కుర్చీలో కూలబడి ఏడ్చేసింది. "నా వల్లే అత్తా. నా వల్లే కేంద్రం పోతుంది. రేపణ్ణించి మీరందరూ బస్తాలు శృంగవరపుకోట దాకా మోసుకుపోవాల."

దేముడమ్మ కోపం చప్పున చల్లారింది. ఆ కొండ దిగడమంటే ఏమిటో ఆమె మోకాళ్లకి తెలుసు. దగ్గరికొచ్చి తెర వంక చూసింది. "ఏడుపాపి సెప్పు. ఇందాక అదేటడిగింది నిన్ను?"

"ఈ నంబరు వేరేవోళ్లకి ఇచ్చీసినాము, అయినా ఇమ్మంటావా అనడిగింది."

"నువ్వేటన్నావు?"

"ఔనన్నాను."

"ఓసి నీ బుర్ర! సంతలో ఒకలు రాయెట్టిన సోట్లో ఇంకొకల్ని కూకోబెడతారేటే? ఆడు రాకపోయినా ఆ సోటు ఆడిదే. ముందు రాళ్లన్నీ తీసీ. తరవాత ఒకలెనకాల ఒకల్ని కూకోబెట్టు. బేగి!"

రాజకుమారి కళ్లు తుడుచుకుని లేచింది. ఇచ్చిన నంబర్లన్నీ చెరిపేసింది. తీగలన్నీ పీకేద్దామని కంప్యూటర్ పెట్టె వెనక్కి వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది. కాటా తీగ ఉండాల్సిన మొదటి చిల్లులో కొత్త మిషను తీగ ఉంది. కాటా తీగ రెండో దాంట్లో ఉంది. చిల్లు మారితే నంబరూ మారుతుంది.

"మావా, ఈ తీగలు ఎవులు మార్చినారు?"

"నానే అమ్మీ," అన్నాడు గాసి గర్వంగా. "కొత్తగా మనింటికొచ్చినోల్లని ఎనకాల కూకోబెడతామేటి? కాటా మన మనిసే. పన్నెండేళ్లబట్టీ ఉంది, అది ఏటనుకోదు."

అతన్ని తిట్టడానికి కూడా వేళ లేదు. కింది మలుపులో జీపు హారను వినబడింది. కాటా తీగ మొదటి చిల్లులో, మూడో నంబరు. కొత్త మిషను రెండో చిల్లులో, నాలుగు. ప్రింటరుకి దాని ఒకటి. గాసి చీటీల కుప్పని గోనెసంచిలో కుక్కి దాని మీద కూర్చున్నాడు.

దేవీప్రసాద్ గారు పలకరింపు లేకుండానే కాటా వైపు చెయ్యి చూపించారు. బస్తా ఎక్కింది, గుప్పెడు గింజలు మిషనులో పడ్డాయి. రాజకుమారి కళ్లు మూసుకుంది.

"ముప్పై రెండు పాయింట్ నాలుగు కిలోలు," చదివారాయన. "తేమ పదకొండు పాయింట్ రెండు. బాగా ఎండిన గింజ."

"పన్నెండు దినాలు బాబూ," అంది దేముడమ్మ.

చీటీ వచ్చింది. ఒక్కటే వచ్చింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "నంబర్లు నువ్వే పెట్టావా?" అన్నారు. తలాడించింది రాజకుమారి. "మూడు కేంద్రాలు తిరిగొచ్చానమ్మా. ఒక్కచోటా రెండు మిషన్లూ కలిసి పనిచేయలేదు. ఇక్కడొక్కచోటే చేశాయి. ఈ కేంద్రం ఎక్కడికీ పోదు."

దేముడమ్మ రాజకుమారి నెత్తి మీద ఒక్కటి మొట్టి, ఆ చేత్తోనే నిమిరింది. రాజకుమారి గడియారం చూసుకుంది. పన్నెండవుతోంది, టీ పెట్టుకోవచ్చు.

"అందుకని ఆ మూడు చోట్ల తేమ మిషన్లూ జీపులో వేసుకొచ్చాను," అన్నారు దేవీప్రసాద్ గారు తాపీగా. "నంబర్లు సరిచేసి నువ్వే పంపాలి. సాయంత్రానికల్లా."

రాజకుమారి గాభరాగా వెనక్కి తిరిగి చూసింది. గాసి అప్పటికే కాటా తీగ పీకేసి, వచ్చిన మూడు కొత్త మిషన్లకీ ముందు చోటు చేస్తున్నాడు.