సిలబస్‌లో మునగని దీవి

ప్రపంచాన్ని అర్థం చేసుకోవడానికి మనిషికి సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా సమయం సరిపోతుందని వయోజన సాయంకాల విద్యాశాఖ ఏనాడో తేల్చేసింది. (ఆదివారాలూ, కరెంటు లేని రోజులూ ప్రపంచానికి సెలవు.)

ఆ తీర్మానం మేరకు మొదలైన ‘ఉత్తర దీవుల రాజకీయాలు, సమాజం, సంస్కృతి’ అనే ఆరు నెలల కోర్సులో అందరికంటే ముందు చేరినవాడు తాళాల మేస్త్రి. వయసు యాభై ఎనిమిది. మిగతావాళ్లు ప్రమోషన్ కోసం చేరారు. ఆయన కోడలి కోసం చేరాడు.

మేస్త్రి కొడుకు ఓడల్లో ఇంజను పని చేస్తాడు. ఏడాదిలో తొమ్మిది నెలలు నీళ్ల మీదే ఉంటాడు. ఒకసారి ఆ దీవుల పిల్లను పెళ్లాడి తీసుకొచ్చి, నాన్న దగ్గర వదిలి, మళ్లీ ఓడెక్కాడు. పిల్ల రెండేళ్లలో భాష చక్కగా నేర్చుకుంది. కానీ ఫోన్లో వాళ్ల దేశం వార్తలు విన్నప్పుడల్లా ఆమె మొహం వాడిపోయేది. మేస్త్రికి ఏమని పలకరించాలో తెలిసేది కాదు. “భోంచేశావా అమ్మా?” అనేవాడు. ఆ ఒక్క ప్రశ్నతో ఒకే ఇంట్లో ఎన్నాళ్లని నెట్టుకొస్తారు?

దరఖాస్తులో ‘ఆ ప్రాంతంతో సంబంధం’ అన్న గడిలో మేస్త్రి ‘వియ్యంకులు’ అని రాశాడు. గుమస్తా దాన్ని కొట్టేసి ‘లేదు’ అని దిద్దాడు. శాఖ గుర్తించిన సంబంధాలు మూడే: వ్యాపారం, పరిశోధన, లేదు.

పాఠం చెప్పే మాస్టారు ఆ దీవులకు ఎప్పుడూ వెళ్లలేదు. (వెళితే నిష్పాక్షికత దెబ్బతింటుందట.) పుస్తకం అచ్చయి పందొమ్మిదేళ్లు. ఆ దీవులవాళ్లు మితభాషులనీ, కొత్తవారి ఎదుట నవ్వరనీ అందులో ఉంది. మేస్త్రి ఇంటికొచ్చి ఆ మాట చెబితే కోడలు చేతిలో చెంబు ఒలికిపోయేంతగా నవ్వింది.

“మా పిన్ని ఒక్కసారి మొదలెడితే పడవ తిరిగొచ్చేదాకా ఆపదు మామయ్యా,” అంది.

ఆ రోజు నుంచి ఇంట్లో రెండో క్లాసు మొదలైంది. ఆయన పుస్తకం చదవడం, ఆమె దిద్దడం. ఇంటి గొంతు పెగిలింది.

ఒక సాయంత్రం ఆయన ఆరో దీవి పాఠం చదివాడు. జనాభా మూడువేల తొమ్మిది వందలు, వృత్తి చేపల వేట, పాలన గ్రామసభది. గిన్నెలు తుడుస్తున్న ఆమె ఆగిపోయింది.

“అది లేదు మామయ్యా.”

“ఏది, గ్రామసభా?”

“దీవి. నీళ్లొచ్చేశాయి. పదకొండేళ్లయింది. మాది అదే.”

మేస్త్రి పుస్తకం మూసేశాడు. మర్నాడు మాస్టారికి చెబితే, ఆయన పర్యవేక్షకుడి దగ్గరికి పంపాడు. పర్యవేక్షకుడు నెమ్మదస్తుడు.

“మునిగితే మునిగి ఉండొచ్చు, మేం కాదనడం లేదు,” అన్నాడు. “కానీ ఆ మునకను సిలబస్ సంఘం ఇంకా ఆమోదించలేదు. ఐదేళ్లకోసారి కూర్చుంటారు. పోయినసారి కోరం లేదు.”

“మా కోడలొచ్చి చెబుతుందండీ. చూసిన మనిషి.”

“సర్టిఫికెట్ ఉందా?”

“అక్కడే పుట్టిందండీ.”

“పుట్టడం అర్హత కిందికి రాదు మేస్త్రీ.”

ఈ సంగతి విని కోడలు పట్టుబట్టింది. సర్టిఫికెట్ తెచ్చుకుంటాననీ, వచ్చే బ్యాచికి తానే పాఠం చెబుతాననీ ఆలస్య రుసుము కట్టి మరీ చేరింది. ఆ ఉద్యోగం వస్తే రోజూ గంటన్నరసేపు తన ఊరి గురించి మాట్లాడొచ్చు, అడిగి మరీ వింటారు. ఆమె ఆశ అంతే.

పరీక్షలో పది మార్కుల ప్రశ్న: ‘ఆరో దీవి ప్రజల నేటి జీవనాన్ని వివరింపుము.’

మేస్త్రి చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు. నలభై ఏళ్లుగా ఆయనకు తెలిసిన విద్య ఒకటే: ఏ తాళానికి ఏ చెవి పడుతుందో చూడటం. మూడువేల తొమ్మిది వందలు అని రాసేశాడు. వెనక వరసలో కూర్చున్న కోడలు ‘అక్కడ ఎవరూ లేరు, మేం పడవల్లో వచ్చేశాం’ అని రాసింది.

ఫలితాల్లో మేస్త్రి ప్రథముడు. కోడలు తప్పింది. జవాబు పక్కన ‘అసందర్భం’ అని ఉంది. నిబంధన ప్రకారం బోధకుడి ఉద్యోగం ప్రథముడిది. తప్పినవాళ్లు అతని దగ్గర మరో ఆరు నెలలు చదవాలి. మాస్టారు కుర్చీ అప్పగించి ఊపిరి పీల్చుకున్నాడు.

మేస్త్రి ఆ ఉత్తర్వు పట్టుకుని ఇంటికొచ్చి తల వంచుకుని కూర్చున్నాడు.

“నిజం తెలిసీ ఆ లెక్క రాయాల్సింది కాదమ్మా. సిగ్గుగా ఉంది. వద్దని చెప్పేసి వస్తాను.”

ఆమె ఉత్తర్వు అందుకుని చివరిదాకా చదివింది. తర్వాత అంది, “మీరు మానేస్తే ఇంకెవరో చెబుతారు. వాళ్లకి అది అబద్ధమని కూడా తెలీదు. మీరే చెప్పండి.”

చెప్పాడు. ఆరో దీవి పాఠం రోజున తనిఖీకి పర్యవేక్షకుడు వచ్చి వెనక కూర్చున్నాడు. మేస్త్రి తలెత్తకుండా గుక్కతిప్పుకోకుండా చదివేశాడు. మొదటి బెంచీలో కోడలు ఒక్క ముక్క పోకుండా రాసుకుంది.

ఆ విడత పరీక్షలోనూ అదే ప్రశ్న వచ్చింది. ఈసారి ఆమె నాలుగు పేజీలు నింపింది. ఆరో దీవిలో అందరూ క్షేమమేనని రాసింది. పొద్దున్నే పడవలు వెళ్తున్నాయని, సభలో ఇంకా అరుచుకుంటూనే ఉన్నారని రాసింది. ఆనాడు ఎంత బతిమాలినా పడవెక్కని తన నాయనమ్మ గుమ్మంలో కూర్చుని వల అల్లుతోందని, మోకాళ్ల నొప్పి కాస్త తగ్గిందని కూడా రాసింది.

పరీక్షాధికారి పదికి పది వేసి, మార్జిన్‌లో ఎర్రసిరాతో ‘వాస్తవిక దృష్టి’ అని మెచ్చుకున్నాడు.