గడి కుక్కలు తిన్న పులిహోర

తొర్రూరులో సోషల్ చెప్పే ఉమారాణికి ఆ ఆదివారం పని ఒక్కటే. లింగాల ఘనపూర్ దగ్గర కోటలాంటి పాత దొరల ఇంటికి, అదే గడికి పోయి, పన్నెండింటిలోగా మంచి ఫొటో ఒకటి తీసి పాత కట్టడాల పోటీకి పంపాలి. రెండేళ్లుగా ఆ బహుమతిని లెక్కల సారు జగపతి ఎగరేసుకుపోతున్నాడు. ఈసారీ పోతే స్టాఫ్ రూంలో తలెత్తుకోలేదు.

భర్త కరుణాకర్ తనే పులిహోర చేసి డబ్బాకెత్తాడు. బస్సులో కడుపులో తిప్పకుండా నాలుగు నిమ్మకాయలు సంచిలో వేశాడు. దర్వాజ కొలతలు రాయాలని ఆమె టేపు వేసుకుంది.

గడి తలుపు తోసిందో లేదో, మూడు కుక్కలు ఒక్కసారిగా లేచాయి. ఉమారాణి బురుజు మెట్లు ఎట్లా ఎక్కిందో ఆమెకే తెలియదు. సంచి జారి కిందపడి డబ్బా మూత ఊడింది. కుక్కలు ఆమెను మరిచిపోయి పులిహోర మీద పడ్డాయి.

అరుపులు విని కావలి పోశయ్య కర్రతో ఉరికొచ్చాడు. కింద పసుప్పచ్చని మెతుకులు, నిమ్మకాయలు, టేపు. పైన కొత్త మనిషి. ఇంకేం కావాలి?

"గుప్తనిధులకొచ్చినవా అక్కా? కోడి ఒక్కటే తక్కువైంది."

"అది పులిహోర అన్నా. మా ఆయన చేసిండు."

"మొగోడు పులిహోర చేసిండా? జర నమ్మేటట్టు చెప్పు."

పోశయ్య సర్పంచ్‌కు ఫోన్ కొట్టాడు. పది నిమిషాల్లో సగం ఊరు గేటు దగ్గర నిలబడింది. అప్పటికి పదకొండున్నర. ఉమారాణికి ఏడుపొక్కటే తక్కువ. ఏమైతే అదయిందని కిందికి దిగింది. కుక్కలు తోకలాడిస్తూ చుట్టూ చేరాయి.

"నడు, ఠాణాకు పోదాం" అని పోశయ్య కర్ర ఎత్తాడు. రోజూ ఆయన పోసే గంజి తాగే కుక్కలే. కానీ గంజికీ పులిహోరకూ తేడా వాటికి ఇప్పుడే తెలిసింది. మూడూ గుర్రుమన్నాయి.

"నేన్రా, పోశయ్యను" అంటూనే ఆయన బురుజెక్కాడు. గేటు దగ్గర జనం మాయమయ్యారు. బురుజు మీద, భుజాన తువ్వాల, చేతిలో కర్ర, నిటారుగా పోశయ్య. ఉమారాణి ఒళ్లు పులకరించింది. ఫోన్‌తో ఆపకుండా నలభై ఫొటోలు తీసి, పన్నెండుకు ఐదు నిమిషాలుందనగా ఒకటి పంపింది.

కుక్కలు పడుకున్నాక పోశయ్య దిగి, డబ్బా అడుగున మిగిలిన నాలుగు మెతుకులు నోట్లో వేసుకున్నాడు.

"పులిహోరనే. ఉప్పు తక్కువైంది."

మొదటి బహుమతి ఉమారాణికే వచ్చింది. బురుజు మీది దొర ఠీవి అద్భుతమని న్యాయనిర్ణేతలు రాశారు. ఆ గడి ముందు చెప్పులేసుకుని నడిచే హక్కు లేని తాతకు మనవడైన పోశయ్య, ఆ ఫొటోను ఫ్రేం కట్టించి ఇంట్లో పెట్టుకున్నాడు.

జగపతి సారు ఇప్పుడు పులిహోర నేర్చుకుంటున్నాడట.