బంద్ రోజున పబ్లిక్ గార్డెన్

నా పేరు ఆనందం. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణంలో చీరలు చూపించే ఉద్యోగం. రోజుకు రెండు వందల చీరలు విప్పితే అమ్ముడయ్యేది ఒకటి, మడతపెట్టేవి నూట తొంభై తొమ్మిది. అందుకే తెలంగాణ ఉద్యమం రోజుల్లో బంద్ అంటే నాకు పండుగ. దుకాణం షట్టర్ దిగుతుంది, నేను మంచం ఎక్కుతాను. ఉద్యమం మీద ప్రేమ లేదని కాదు, నిద్ర మీద కూడా ఉంది.

మా ఆవిడ అండాలుకు మాత్రం ఒక్కటే కోరిక, నాంపల్లి పబ్లిక్ గార్డెన్. కొత్తగా పెళ్లయినప్పుడు సరూర్‌నగర్‌లో ఒక్క గదిలో ఎనిమిది మందిమి ఉండేవాళ్లం. మేమిద్దరం గుసగుసలాడితే ఆరుగురూ దగ్గేవాళ్లు. అందుకని రెండుసార్లు ఆమెను ఆ తోటకు తీసుకెళ్లాను. పచ్చికలో కూర్చుని పొద్దుగూకేదాకా మాట్లాడుకున్నాం. ఆ తర్వాత పద్దెనిమిదేళ్లుగా మా మధ్య నడిచింది గ్యాస్ సిలిండరు, పిల్లల కోచింగుల ముచ్చటే.

“ఒక్కపారి తోలుకపోరాదయ్యా” అనేది అండాలు.

నేను పేపరు తిరగేసి, బంద్ ఎప్పుడో చూసి, “గురువారం పక్కా!” అనేవాణ్ణి. గురువారం పొద్దున ముఖం వేలాడేసి, “అరె, బస్సులు బందయినయే! నా నసీబే మంచిగ లేదు” అని దుప్పటి కప్పుకునేవాణ్ణి. అలా నాలుగు బంద్‌లు గట్టెక్కాను.

ఐదో బంద్ నాడు నేను ముఖం వేలాడేసేసరికి ఆమె పోచంపల్లి చీర కట్టి, పులిహోర డబ్బా సంచిలో వేసుకుని గడప దాటేసింది.

“బస్సుల్లెవ్వే!”

“కాళ్లున్నయి గద.”

“నాంపల్లి దాంక నడుస్తమా?”

“దుకాన్ల పొద్దంత నిలవడే మనిషివి, జర నడిస్తె అరిగిపోతవా?”

దిల్‌సుఖ్‌నగర్ చౌరస్తా చేరేసరికి నా మోకాళ్లు సమ్మెకు దిగాయి. అక్కడ జెండాలు పట్టుకున్నవాళ్లను పోలీసులు వ్యాన్ ఎక్కిస్తున్నారు. అండాలు నేరుగా కానిస్టేబుల్ దగ్గరికి పోయింది.

“గీ బండి ఏడికి పోతదన్నా?”

“ఈడ ఠాణాలు నిండినయమ్మా, నాంపల్లికి. పక్కకు జరుగుండ్రి.”

ఆమె జరగలేదు. సంచి నా చేతిలో పెట్టి, పిడికిలి ఎత్తి, “జై తెలంగాణ!” అని ఒక్క కేక వేసింది. నా మీద కూడా ఏనాడూ అంత గట్టిగా అరవలేదు. మరు నిమిషంలో వ్యాన్‌లో కిటికీ పక్కన కూర్చుంది.

“ఏందే గిది!”

“బస్సులు బందు గని, ఇవి బంద్ లెవ్వు. ఒస్తవా, ఇంటికి పోయి పంటవా?”

పెళ్లాం ఒక్కతే అరెస్టయితే కాలనీలో ముఖమెలా చూపించను? నేనూ జై అన్నాను. కానిస్టేబుల్‌కు నమ్మకం కలగలేదు. “గట్టిగ” అన్నాడు. రెండోసారి అరిస్తేగాని ఎక్కనివ్వలేదు.

ఠాణాలో పులిహోర అందరికీ పంచింది, ఎస్సైతో సహా. సాయంత్రం పేర్లు రాసుకుని వదిలేశారు. తోట నాలుగడుగుల దూరం. కానీ పక్కనే అసెంబ్లీ. బంద్ కాబట్టి తోట గేటు ముందు కూడా ముళ్లకంచె వేసి ఉంది. లోపలికి ఎవరినీ పోనివ్వం అన్నాడు కాపలా జవాను.

అండాలు గేటు పక్క చువ్వల ప్రహరీ దగ్గరికి నడిచింది. చువ్వలు పట్టుకుని లోపలి పచ్చికను చూస్తూ నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు సిగ్గేసింది.

“అండాలూ, బంద్ నాడు బస్సులుండయని నాకు ముందుగాలనే ఎరుక.”

“నాకు గూడ ఎరుకనే. మొదటి బంద్ కాన్నుంచి.”

“మరి ఎందుకు ఊకున్నవ్?”

“ఆ నాలుగు దినాలన్న ఇంట్ల ఉన్నవ్ గద. ఏమన్న మాట్లాడుతవేమోనని చూసిన. దుప్పటి కప్పుకొని పన్నవ్.”

ఖాళీ డబ్బా ఉన్న సంచి భుజానికి తగిలించుకున్నాను. “ఇప్పుడు ఇంటికెట్ల పోదామే?” అన్నాను.

“నడుసుకుంట. నువ్వు మాట్లాడు.”

చాదర్‌ఘాట్ వంతెన దాకా ఒక్క మాటా తోచలేదు. మలక్‌పేటలో మొదలుపెట్టాను. సరూర్‌నగర్‌లో ఇల్లు చేరినా మాటలు తెగలేదు. అండాలు ఇంటి తాళం తీయబోతుంటే ఆపి, “ఇంకొక్క గల్లీ చుట్టొద్దమా?” అని అడిగాను.

“కాళ్లున్నయా?”

“లెవ్వు.”

ఆమె నవ్వి, తాళంచెవి మళ్లీ కొంగుకు ముడేసుకుంది.