వేసవిలో ఆకుల, ఫాల్‌లో చరిత

మనిషి ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్తే దాన్ని ప్రయాణం అంటారు. విద్యార్థి ఒక కాలేజీ నుంచి ఇంకో యూనివర్సిటీకి వెళ్తే దాన్ని ట్రాన్స్‌ఫర్ అంటారు. రెంటికీ తేడా చిన్నదే. ప్రయాణంలో మనిషి చేరతాడు, సామాను తప్పిపోతుంది. ట్రాన్స్‌ఫర్‌లో సామాను క్షేమంగా చేరుతుంది, మనిషి తప్పిపోతాడు.

ఈ రెండో పద్ధతిని శాస్త్రీయంగా అభివృద్ధి చేసిన సంస్థ కెనడాలో ఓక్‌విల్‌ ఊరికి అవతల ఉన్న బ్లూ హెరన్ యూనివర్సిటీ. ట్రాన్స్‌ఫర్ విద్యార్థులు సెప్టెంబరులో ఇబ్బంది పడకూడదన్న సదుద్దేశంతో, వాళ్లను వేసవిలోనే ఇబ్బంది పెట్టే పథకం ఒకటి అక్కడ ఉంది. దాని పేరు ‘వేసవి వంతెన’. (వంతెన దాటితేనే అవతలి ఒడ్డు. వంతెన ఎక్కాలంటే మాత్రం మీరు అవతలి ఒడ్డు మనిషై ఉండాలి.)

కరీంనగర్ అమ్మాయి ఆకుల చరిత ఆ వంతెన ఎక్కడానికి విన్నిపెగ్ నుంచి రెండు సూట్‌కేసులతో మిల్టన్ వచ్చి, చిన్నమ్మ పద్మిని ఇంట్లో దిగింది. కోవిడ్ మూసిన తలుపులు తెరుచుకుని మన పిల్లలు విమానాలకు విమానాలు నింపుకుని వస్తున్న కాలం అది. మిల్టన్ బస్సు ఎక్కితే డ్రైవరు తప్ప అందరూ మనవాళ్లే. (డ్రైవరు పంజాబీ. ఆయనకీ ‘ఆపండి’ అర్థమయ్యేది.)

చరిత విన్నిపెగ్‌లో రెండేళ్ల డిప్లొమా చేసింది. బ్లూ హెరన్ వాళ్లు సెప్టెంబరులో, అంటే ఫాల్ టర్మ్‌లో, నేరుగా మూడో ఏట సీటు ఇస్తామన్నారు. షరతు ఒక్కటే: వేసవిలో స్టాటిస్టిక్స్ పాసవ్వాలి. దాన్ని నమ్ముకుని ఆ పిల్ల విన్నిపెగ్‌లో గది ఖాళీ చేసింది, కిరాణా షాపులో ఉద్యోగం వదిలేసింది. సెప్టెంబరు సీటు పోతే, ఈ దేశంలో ఉండనిచ్చే స్టడీ పర్మిట్‌కి కాళ్లుండవు. కాబట్టి ఈ కథలో తక్కినవన్నీ నవ్వులాట, ఆ సీటు ఒక్కటి కాదు.

ఫాల్ అప్లికేషన్ చరిత విన్నిపెగ్‌లోనే స్వయంగా నింపింది. అందువల్ల అందులో తప్పుల్లేవు. వేసవి ఫారం మాత్రం మిల్టన్‌లో, చిన్నమ్మ భర్త రంగనాథ్ చేతిలో పడింది.

రంగనాథ్‌ది కాకినాడ. ఐటీలో పెద్ద ఉద్యోగం. ఫారం కనబడితే పూనకం వస్తుంది.

“నువ్వుండమ్మా, పదిహేనేళ్లుగా ఈ దేశంలో ఫారాలు నింపుతున్నాను. వెళ్లి దోసె తిను, చల్లారిపోతోంది,” అని లాప్‌టాప్ లాక్కున్నాడు. “ఇదిగో, ఫస్ట్ నేమ్. మన పేర్లలో మొదట వచ్చేదేవిటి? ఇంటిపేరు. మొదటిది మొదటి గడిలో. ఆకుల. లాస్ట్ నేమ్, చివర వచ్చేది. చరిత. ఇందులో ఆలోచించడానికేముంది?”

ఆయన కూతురు స్వీటీ ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, “డాడ్, ఫస్ట్ నేమ్ మీన్స్ గివెన్ నేమ్. ఎవ్రీబడీ నోస్ దట్,” అంది.

“ఆ ఎవ్రీబడీ మనవాళ్లు కాదులే,” అని రంగనాథ్ సబ్మిట్ కొట్టాడు.

ఆయన ఇంటిపేరు పోలిశెట్టి. పదిహేనేళ్లుగా జిమ్‌లో కుర్రాళ్లు “హాయ్ పోలిశెట్టి” అని భుజం తడుతున్నారు. టైర్ల షాపువాడు “గుడ్ మార్నింగ్ మిస్టర్ రంగనాథ్” అని వంగి పలకరిస్తున్నాడు. చనువుంటే ఇంటిపేరుతో, గౌరవముంటే సొంతపేరుతో పిలవడం ఈ దేశపు ఆచారమని ఆయన ఎప్పుడో నిర్ధారించుకున్నాడు.

వేసవి క్లాసులు మొదలయ్యాయి. చలికాలమంతా తీరిగ్గా చెప్పే పాఠాన్ని ఎండ ఉండగానే చెప్పి ముగించడం వేసవి పద్ధతి. (ఇక్కడ ఎండ ఎంతసేపుంటుందో మీకు తెలుసు.) ఒకరోజు చరిత తుమ్మింది. తల ఎత్తేసరికి స్టాండర్డ్ డీవియేషన్ అయిపోయింది. ఆనాటి నుంచి జలుబు చేసినా తుమ్మకుండా, బస్సులో లెక్కలు, వంటింట్లో లెక్కలు, నిద్రలో కూడా సగట్లు. సగటు మనిషిని కనిపెట్టే శాస్త్రంలో ఆ పిల్ల సగటుకు చాలా పైన తేలింది. A ప్లస్ వచ్చింది. పద్మిని సేమ్యా పాయసం చేసింది.

పాయసం గిన్నె కడగకముందే పోర్టల్‌తో పోరు మొదలైంది. ఫాల్ పోర్టల్‌లో ఎర్ర అక్షరాలు: ‘స్టాటిస్టిక్స్ పూర్తి చేయలేదు. సీటు రద్దు ప్రక్రియ త్వరలో ప్రారంభమగును.’

మర్నాడు ఉదయమే చరిత యూనివర్సిటీ ఆఫీసుకి పరిగెత్తింది. పక్కపక్కనే రెండు కిటికీలు. ఒకదాని మీద ‘వేసవి’, ఇంకోదాని మీద ‘ఫాల్’. వేసవి కిటికీలో మార్జరీ అనే పెద్దావిడ నవ్వుతూ కూర్చుంది.

“ఆకుల కదూ? స్టాటిస్టిక్స్‌లో A ప్లస్! అభినందనలు, డియర్.”

“థాంక్యూ అండీ. ఆ మార్కు నా ఫాల్ రికార్డుకి రాలేదు.”

“ఫాల్ సంగతులు మధ్యాహ్నం చూస్తారు.”

మధ్యాహ్నం దాకా చరిత మెట్ల మీద కూర్చుంది. లంచ్ అవగానే మార్జరీ తన కుర్చీని, ఒక చిన్న పూలకుండీని పక్క కిటికీలోకి జరుపుకుంది.

“గుడ్ ఆఫ్టర్‌నూన్. చరిత కదూ? అయ్యో, నీకు స్టాటిస్టిక్స్ లేదే!”

“పొద్దున మీరే కదండీ అభినందనలు చెప్పారు?”

“ఆకులకి చెప్పాను.”

“నేనే ఆకుల.”

మార్జరీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “ఈ మాట ఇంకెవరి దగ్గరా అనకు, డియర్.”

“పొద్దున అక్కడా మీరే, ఇప్పుడిక్కడా మీరే. మీరు ఇద్దరు కాదు కదా?”

“నాకు రెండింటికీ నియామకపత్రాలున్నాయి.”

“పోనీ, ఆకుల మార్కు చరితకి ఇచ్చేయండి.”

“ఒక విద్యార్థి మార్కు ఇంకో విద్యార్థికి ఇస్తే దాన్ని ఏమంటారో తెలుసా?”

“క్రెడిట్ ట్రాన్స్‌ఫర్?”

“చీటింగ్,” అంది మార్జరీ, ఎంతో ప్రేమగా.

మార్జరీ చెడ్డది కాదు. సాయం చేద్దామనే రెండు రికార్డులూ పక్కపక్కన పెట్టి చూసింది. పుట్టినరోజు ఒకటే. ఫోన్ నంబర్ ఒకటే. పాస్‌పోర్ట్ నంబర్ ఒకటే. ఫోటో ఒకటే, బొట్టు కూడా అక్కడే. ఇలాంటి ఆధారాలు దొరికితే మీరూ నేనూ అయితే ఇద్దరూ ఒకరేనని తొందరపడి తేల్చేస్తాం. వ్యవస్థకి తొందర ఉండదు. ఆకుల అనే యువతి, చరిత అనే యువతి వేషం వేసుకుని ఆమె బదులు పరీక్ష రాసిందని కంప్యూటర్ అనుమానించింది. (ఎన్‌రోల్ అవడమంటే ఎన్ని రోల్స్ అయినా వేయడమని ఆ పిల్లకి ఎవరూ ముందు చెప్పలేదు.) వ్యవహారం పరీక్షల్లో మోసాలు విచారించే అకడమిక్ ఇంటెగ్రిటీ కమిటీకి వెళ్లింది. ఆ ఇంటెగ్రిటీలో ‘ఇంటి’ వరకూ ఉంది గానీ, ఇంటిపేరుకి చోటు లేదు.

మిల్టన్ ఇంట్లో ఆ సాయంత్రం ఎవరూ టీవీ పెట్టలేదు.

“కవలలని చెప్పేద్దామా?” అన్నాడు రంగనాథ్.

“కవలలకు గూడ పాస్‌పోర్ట్ నంబర్ ఒక్కటుండది బాబాయ్.”

“నీ ఫారాల పిచ్చి పాడుగాను,” అని పద్మిని భర్త మీద లేచింది. “పిల్ల సొంతంగ నింపుకుంటనంటే దోసె తినమని పంపిస్తివి!”

“దోసె మంచిదే కదోయ్, చల్లారిపోతుందని...”

“సీటు పోతే నేను ఏ కాలేజీ పిల్లను చిన్నమ్మా?” అంది చరిత మెల్లగా. “విన్నిపెగ్‌ల పేరు కొట్టేసిన్రు. ఈడ రెండు పేర్లున్నయి, ఒక్కటి గూడ పనిచేస్తలేదు.”

రంగనాథ్ పదిహేనేళ్లలో మొదటిసారి లాప్‌టాప్ తనే మూసేశాడు.

విచారణ రోజు ఇద్దరు ముద్దాయిల కోసం రెండు కుర్చీలు వేశారు. అధ్యక్షుడు డాక్టర్ పెంబర్టన్. ఆయన హోదా ‘అసోసియేట్ వైస్ డీన్, వేసవికీ ఫాల్‌కీ మధ్య వ్యవహారాలు’. (ఆ రెంటి మధ్య ఉండేది ఒక్క వారాంతం. అయినా ఆయనకి ఇద్దరు సహాయకులు.) ఆ డీన్ ముందు చరిత దీనంగా కూర్చుంది. వెనక గోడవార రంగనాథ్ దంపతులు, స్వీటీ.

“రెండో అమ్మాయి వచ్చేదాకా ఆగుదాం,” అన్నాడు పెంబర్టన్.

కాసేపు అందరూ తలుపు వైపు చూశారు. చరిత లేచి, రెండో కుర్చీలో కూర్చుంది.

“వచ్చానండీ,” అంది.

ఇక ఆగకుండా చెప్పింది. “మా దగ్గర ఇంటిపేరు ముందు వస్తుంది. బళ్లో హాజరు పిలిచినా ఆకుల చరితే, శుభలేఖలో అచ్చేసినా ఆకుల చరితే. ముందు ఏ ఇంటివాళ్లో చెప్తాం, తర్వాత అందులో ఎవరో చెప్తాం. మీరు ముందు మనిషిని చెప్తారు, ఇల్లు తర్వాత. ఒక ఫారం మీ వరసలో ఉంది, ఒకటి మా వరసలో ఉంది. పరీక్ష రాసింది నేనే. సీటు వచ్చింది నాకే. నా బదులు ఎవరూ రాయలేదు, నేనే రాశాను.”

రంగనాథ్ లేచి నిలబడ్డాడు. “తప్పు నాదండీ. ఆ రెండో వరస నేను రాసిందే. పిల్లకి సంబంధం లేదు.”

“ఐ టోల్డ్ హిమ్,” అంది స్వీటీ.

కమిటీ సభ్యుల మొహాలు విప్పారాయి. ఒకాయన తన అమ్మమ్మది హంగేరీ అనీ, వాళ్లూ ఇంటిపేరే ముందు చెప్పుకుంటారనీ గుర్తు చేసుకున్నాడు. మార్జరీ ఉదయపు హోదాలోనూ మధ్యాహ్నపు హోదాలోనూ కళ్లు తుడుచుకుంది. తాను తనలా నటించడం మోసం కిందికి రాదని కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది. పెంబర్టన్ స్వయంగా మీట నొక్కి రెండు రికార్డులనూ కలిపేశాడు.

“అభినందనలు. ఇక నుంచి మీరు ఒక్కరే.”

పద్మిని కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంది. పెంబర్టన్ తెర వైపు ఇంకొంచెం వంగి, కళ్లద్దాలు సర్దుకున్నాడు.

“చిన్న విషయం. ట్రాన్స్‌ఫర్ విద్యార్థి అంటే ఇంతకుముందు మా దగ్గర ఏ క్లాసూ చదవనివారు. మీరు వేసవిలో చదివినట్టు కనబడుతోంది.”

“చదవమన్నది మీరే కదండీ?”

“అవును. చదవకపోతే సీటు ఇవ్వం.”

“మరి మిగతా ట్రాన్స్‌ఫర్ పిల్లలూ చదివారు కదా?”

“వాళ్ల విషయంలో మార్కు ఒక్కటే ఫాల్ రికార్డుకి పంపిస్తాం, మనిషిని వేసవి రికార్డులోనే ఉంచేస్తాం. మీ విషయంలో మనిషినే కలిపాం. కనుక మీరు మా పాత విద్యార్థి. పాత విద్యార్థులు మార్చిలోనే రిజిస్టర్ చేసుకోవాలి.”

“మార్చిలో నేను విన్నిపెగ్‌లో ఉన్నానండీ.”

“అందుకే గడువు దాటింది,” అన్నాడు పెంబర్టన్ సానుభూతిగా. “కలిపినదాన్ని విడదీసే మీట మాకు లేదు. విచారించకండి, వచ్చే మార్చి తప్పకుండా వస్తుంది. ఈలోగా మీ సీటు ఖాళీగా ఉంది. స్టాటిస్టిక్స్ పాసైన ట్రాన్స్‌ఫర్ విద్యార్థి ఎవరైనా ఉంటే ఇవాళే ఇచ్చేస్తాను. మీకు తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?”

చరిత పక్కనున్న ఖాళీ కుర్చీ వైపు చూసింది.

“ఒకమ్మాయి ఉండేదండీ. ఇందాకే మీరు ఆమెను నాలో కలిపేశారు.”